అర్ధరాత్రి పసిబిడ్డకి జ్వరం, పక్కనే ఈఆర్ బిల్లు భయం

అమ్మాయీ, నువ్వు రాసింది చదివాను. తొమ్మిది నెలల బాబు, రాత్రంతా జ్వరం, ముక్కు దిబ్బడ, భుజం మీంచి దించితే ఏడుపు. ఈఆర్‌కి, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీ రూముకి, పోదామని మీ ఆయన అంటే, బిల్లు గుర్తొచ్చి నువ్వే ఆపావు. తప్పు చేశానా అని అడిగావు. అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ గొడవ జరగని ఇల్లు లేదు. మా ఇంట్లో ఎలా జరిగిందో చెప్తాను, నీకు పనికొస్తుంది.

2013లో మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. ఒక్క జీతం. భర్త ఉద్యోగ వీసా మీద భార్యకిచ్చే హెచ్4 వీసా నాది, దాని మీద ఉద్యోగం చేసే వీలు అప్పట్లో లేదు. పాపకి అప్పుడే పాకడం వచ్చింది. జనవరి చలిలో ఒక సాయంత్రం ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. పక్క ఫ్లాటు వాళ్ళకి ఈఆర్ బిల్లు ఎంతొచ్చిందో ఆ వారమే విన్నాను. డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలెట్టేలోపు ఏటా మనం కట్టుకోవాల్సిన మొత్తం, జనవరిలో మళ్ళీ మొదటికొస్తుందని, అంటే ఆ డబ్బంతా మా జేబులోంచే పోతుందని మా ఆయన చెప్పాడు. దాంతో తెల్లారేదాకా చూద్దామని పిల్లని భుజాన వేసుకుని తిరిగాను.

మనకి అర్ధరాత్రంటే ఇండియాలో పొద్దెక్కిన వేళ, అందరూ ఫోనెత్తుతారు. అమ్మ తేనెలో వస అరగదీసి నాకించమంది. అత్తగారు కొబ్బరినూనెలో కర్పూరం కాచి గుండెలకి రాయమన్నారు. ప్రేమతోనే చెప్పారు, కానీ ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు, బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. కర్పూరం పసివాళ్ళ ఒంట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. సాంబ్రాణి పొగ కూడా వద్దు, దగ్గే పిల్లకి ఊపిరి ఇంకా కష్టమవుతుంది.

అసలు ప్రమాదం సూట్‌కేసులోంచి వచ్చింది. ఇండియా నుంచి తెచ్చుకున్న జ్వరం చుక్కల మందు తీసి, ఇక్కడి డాక్టరు ఆఫీసులో ఇచ్చిన కాగితం చూసుకుంటూ 3.75 ఎంఎల్ సిరంజిలోకి లాగాను. పిల్ల నోరు తెరిచింది. మా ఆయన సీసాని స్టవ్ లైటు కింద పెట్టి చదివి, నా చెయ్యి పట్టుకున్నాడు. రెండూ పారాసిటమాలే, కానీ ఇక్కడి పిల్లల టైలినాల్ 5 ఎంఎల్‌లో 160 మిల్లీగ్రాములు ఉంటుంది. మన చుక్కల మందు ఒక్క ఎంఎల్‌లోనే 100. అంటే నేను పొయ్యబోయింది మూడింతల పైమాట. ఆ సీసా ఇంకా నీ దగ్గరుంటే ఈ రోజే పక్కన పెట్టెయ్యి. ఇక్కడి మందు, దాంతో వచ్చిన సిరంజి, బాబు తాజా బరువుకి డాక్టరు రాసిచ్చిన మోతాదు, అంతే. ఎంత ఇచ్చావో, ఎన్నింటికిచ్చావో కాగితం మీద రాసుకో. నిద్రలేని రాత్రి ఎవరికీ ఏదీ గుర్తుండదు.

చివరికి మాకు దారి చూపించింది ఒక ఫోను. పిల్లల డాక్టరు ఆఫీసు మూసేశాక కూడా అదే నంబరుకి చేస్తే నర్సుకి కలుపుతారని మాకెవరూ చెప్పలేదు. ఆ రాత్రి చేసి చూశాం. కాసేపటికి నర్సే తిరిగి చేసింది. జ్వరం ఎంత, ఎక్కడ పెట్టి చూశారు, డైపరు ఎప్పుడు తడిసింది, పాలు తాగుతోందా, పిలిస్తే చూస్తోందా, డొక్కలు ఎగరేస్తోందా అని అడిగింది. ఫోను పట్టుకునే పిల్ల చొక్కా పైకెత్తి చూశాను. డొక్కలు ఎగరడం లేదు. ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేసి చీమిడి మెల్లగా బయటికి లాగెయ్యమంది, పాలు కొంచెం కొంచెంగా పట్టమంది, పొద్దున తీసుకురమ్మంది. మాకు పైసా పడలేదు. కొన్ని ఆఫీసులు దీనికీ ఫీజు వేస్తాయి, పగలే అడిగి పెట్టుకో. ఇన్సూరెన్స్ కార్డు వెనకా చాలామందికి నర్స్‌లైన్ నంబరు ఉంటుంది.

డబ్బు లెక్క చూడకూడని వేళలు కొన్నున్నాయి. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తగిలితే వెంటనే డాక్టరుకి ఫోను, లేదా నేరుగా ఈఆర్. పెదాలు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, లేపినా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోను. ఎనిమిది గంటలు డైపరు తడవకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. ఐబూప్రొఫెన్ అనే ఇంకో జ్వరం మందు ఆరు నెలలు నిండాకే. మిగతావి డాక్టరు ఆఫీసు కాగితంలో ఉంటాయి. ఇంకోటి, రాత్రిని ఇద్దరూ పంచుకోండి. బాబుని గుండెల మీద వేసుకుని సోఫాలో నిద్రపోవడం చాలా ప్రమాదం.

ఇక నిన్ను తినేస్తున్న బిల్లు సంగతి. మీ తరానికి జీతాలు మాకన్నా బాగున్నాయి, ప్లాను కాగితం చదివే ఓపికే లేదు. ఈఆర్‌కి ఎంత పడుతుంది, ప్రాణం మీదికి రాని జబ్బులు చూసే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి ఎంత, దగ్గర్లో పసివాళ్ళని చూసే అర్జెంట్ కేర్ రాత్రి ఎన్నింటిదాకా ఉంటుంది, ఈ మూడూ ఒంట్లో బాగున్న రోజునే రాసి ఫ్రిజ్ మీద అంటించు. 2022 నుంచి ఉన్న చట్టం ప్రకారం, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్‌లో లేని, అంటే మీ ఇన్సూరెన్స్ వాళ్ళతో ఒప్పందం లేని, ఆసుపత్రికి పోయినా నెట్‌వర్క్ లెక్కకి మించి నీ దగ్గర వసూలు చెయ్యకూడదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్సుకి మాత్రం ఆ రక్షణ లేదు. బిల్లు రాగానే కట్టెయ్యకు. వాళ్ళెంత కట్టారో, నీ వాటా ఎంతో చెప్పే ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితం (ఈఓబీ) వచ్చేదాకా ఆగి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. తేడా ఉంటే ఫోన్ చేసి ఐటమ్ వారీగా బిల్లు అడుగు. ఒక్కసారి కట్టలేకపోతే నెలనెలా కడతామని అడగొచ్చు. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సాయం పద్ధతి తప్పనిసరిగా ఉండాలి, దరఖాస్తు అడిగి తీసుకో. మేం ఇద్దరు పిల్లల్ని ఇలాగే పెంచాం, ఒక్క బిల్లునీ కలెక్షన్స్ దాకా, అంటే బాకీలు వసూలు చేసే కంపెనీ చేతికి, పోనివ్వలేదు.

బాబుకి ఇంకా జ్వరం ఉంటే పొద్దున ఆఫీసు తెరవగానే ఫోన్ చెయ్యి. ఒంట్లో బాగోని పిల్లల్ని ఆ రోజే చూసే అపాయింట్‌మెంట్లు తొందరగా నిండిపోతాయి.