ఎల్‌కేజీకి ముందు పిల్లలకి ఏం వచ్చుండాల? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం, సాయినగర్ దగ్గర. పాపకి మూడున్నర దాటింది, జూన్‌లో ఎల్‌కేజీలో వేయాల. ఇప్పుడు అంగన్‌వాడీకి పోతాంది, పాటలు పాడతాది, గుడ్డు తింటాది, ఆడుకోని వస్తాది, అంతే. మా ఆడబిడ్డ కూతురుదీ ఇదే వయసు, ప్లేస్కూల్లో ఏ నుంచి జెడ్ దాకా రాస్తాంది, వంద దాకా అంకెలు చెప్తాంది. మేం అడిగిన స్కూల్లో చిన్న టెస్ట్ పెడతామన్నారు. అంగన్‌వాడీ మాన్పించాల్నా, ట్యూషన్ పెట్టాల్నా? రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

జవాబు: ముందు మీరు నిద్రపోండమ్మా. మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి, మీ పాప వయసుకి అవన్నీ ఇంకా గట్టిపడవు, కొన్ని మెత్తగానే ఉంటాయి, అట్లాంటి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల మధ్య రాయమంటే పిల్ల బిగబట్టి రాస్తాది, రెండు లైన్లకే చెయ్యి నొప్పంటాది, ఇంక నోట్‌బుక్ చూస్తేనే ఏడుపు. రాత కంటే ముందు వేళ్లకి బలం రావాల. దానికి వర్క్‌బుక్కులు కొనే పనిలేదు, మన ఇళ్లల్లోనే బోలెడు పనులున్నాయి: చెనిక్కాయలు ఒలవడం, కరివేపాకు దూయడం, చపాతీ పిండి ఉండలు చేయడం. (ఒలిచిన విత్తనాలు నోట్లో వేసుకోకుండా పక్కనే కూర్చోండి, ఈ వయసులో గొంతుకి అడ్డం పడతాయి.) సాయంత్రం వాకిట్లో సుద్దముక్క ఇచ్చి చుక్కలు పెట్టి కలపమనండి, ముగ్గు వంకర పోయినా ఏం కాదు, అక్షరాల్లో వచ్చే గీతలూ వంపులూ అన్నీ దాంట్లోనే ఉన్నాయి.

వంద దాకా చెప్పే ఆ పాపని ఒకసారి వంటింట్లోంచి ఐదు చెంచాలు తెమ్మనండి. తెస్తే సంతోషం. చాలామంది పిల్లలు గుప్పెడు పట్టుకొస్తారు, ఎందుకంటే అంకెలు పాట మాదిరి నోటికొచ్చినాయి గానీ ఐదంటే ఎంతో ఇంకా తెలీదు. మీ పాపకి పదిలోపు వస్తువులు లెక్కపెట్టడం వస్తే ఎల్‌కేజీకి అదే ఎక్కువ.

అంగన్‌వాడీ అంటే గుడ్డూ పాలే అనుకుంటారు మనోళ్లు. అంగన్‌వాడీలు నడిపే సర్కారు పథకం ఐసీడీఎస్ 1975లో మొదలైనప్పట్నించి దాని ఆరు సేవల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ప్రీస్కూల్ చదువు కూడా ఒకటి. అయితే అన్ని సెంటర్లూ ఒకేలా నడుస్తాయని నేను చెప్పను. టీచరమ్మకి రిజిస్టర్లు, ఫోన్లో ఎంట్రీలతోనే సగం పొద్దు పోతాది. మీరే ఒకరోజు గంటసేపు కూర్చోని చూడండి. కథ చెప్తోందా, పిల్లల్తో మాట్లాడిస్తోందా, బొమ్మలు పిల్లల చేతికిస్తోందా, బీరువాలో పెట్టి తాళం వేసిందా? ప్లేస్కూలుకి పోయినా ఇవే చూడండి, గోడమీద కార్టూన్లు కాదు. మీ సెంటర్లో ఇవన్నీ జరుగుతుంటే జూన్ దాకా కదిలించొద్దు.

టెస్ట్ సంగతంటారా, ఈ వయసు పిల్లలకి పరీక్షలు అస్సలు సరిపోవని 2022లో వచ్చిన పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల) జాతీయ పాఠ్య ప్రణాళికలోనే రాసుంది. స్కూలోళ్లకి ఆ మాట మర్యాదగానే చెప్పండి. ట్యూషన్ మాత్రం వద్దే వద్దు. దాని బదులు తన డబ్బా తనే తెరుచుకోవడం, బాత్రూం వస్తే టీచరుకి చెప్పడం, చెప్పులు తనే వేసుకోవడం నేర్పించండి, మొదటి నెల్లో పాపని కాపాడేది ఇవే.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మనవడికి నాలుగేళ్లు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని స్కూల్లో చెప్పినారంట, కోడలు నన్ను వానితో మాట్లాడొద్దంటాంది. నాకు తెలుగు తప్ప రాదు.

జవాబు: మాట్లాడండి పెద్దాయనా, ఇంకా ఎక్కువ మాట్లాడండి. తెలుగులో కథ విని "తర్వాతేమైంది జేజినాయనా" అని అడిగే పిల్లోడికి వినడం, గుర్తుపెట్టుకోవడం, వరసగా చెప్పడం అలవాటైతాయి, రేపు ఇంగ్లీషుకీ అవే పనికొస్తాయి. వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలోనే చెప్పమని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంటాంది. "కం", "గో", "సిట్" తప్ప ఇంకో మాట లేని ఇంట్లో పిల్లోడు ఏం మాట్లాడతాడు చెప్పండి? ఈ జవాబు మీ కోడలికి చదివి వినిపించండి, నామీద కోప్పడినా పర్లేదు.

ప్రశ్న: ఆదోని నుంచి. బాబుకి రెండున్నర. సంవత్సరం కలిసొస్తాదని ఇప్పుడే నర్సరీలో వేద్దామంటున్నారు మా ఆయన. వాడు ఇంకా "అమ్మ", "నీళ్లు" లాంటి ఒక్కో మాటే అంటాడు.

జవాబు: ఆ సంవత్సరం ఎక్కడికీ కలిసిరాదమ్మా. ఆరు నిండినాకే ఒకటో తరగతి అని 2020 జాతీయ విద్యావిధానంలోనే ఉంది, ముందుగా వేస్తే ఎక్కడో ఒకచోట ఆపాల్సి రావచ్చు. మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనపడింది మాటలు. రెండున్నరకి రెండు మాటలు కలిపి "అమ్మా రా", "నీళ్లు కావాల" అనాల. పిలిస్తే తిరిగి చూస్తాడా, చెవులు బాగా వినపడతాయా, ఫోన్ ఎంతసేపు చూస్తాడు, ఇవన్నీ చెప్పి పిల్లల డాక్టరుకి ఈ నెల్లోనే చూపించండి. అంగన్‌వాడీలకి ఆర్‌బీఎస్‌కే (సర్కారు నడిపే పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) టీం పిల్లల్ని చూడ్డానికి వస్తాది, ఖర్చుండదు, ఎప్పుడొస్తారో అక్కడి టీచరుని అడగండి. నర్సరీ మాట తర్వాత చూద్దాం.