‘తీవ్ర మితవాదం’ అనవచ్చా?

సందేహం: విదేశీ వార్తల్లో ‘తీవ్ర మితవాద పార్టీ గెలిచింది’ అని రాస్తున్నారు. మితమైనది తీవ్రం ఎలా అవుతుంది? పాత వైభవం తిరిగి తెస్తామనే వాళ్లను మితవాదులు అనవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీకు ఎబ్బెట్టుగా అనిపించడంలో తప్పేం లేదు. మితవాది, అతివాది అనే జంట 1907 సూరత్ కాంగ్రెస్ చీలిక నాటికి బాగా నలిగింది. గోఖలే వర్గం మితవాదులు, తిలక్ వర్గం అతివాదులు. వాళ్ల తేడా వేగంలో, పద్ధతిలో. ఇంగ్లిషులో రైట్, లెఫ్ట్ అనే కుడి, ఎడమ వేరే లెక్క. 1789లో ఫ్రెంచి సభలో రాజు పక్షం వాళ్లు అధ్యక్షుడికి కుడివైపు కూర్చోవడంతో మొదలైంది. మన పత్రికలు ఈ రెంటినీ కలగాపులగం చేసి, కుడివైపు వాళ్లందరికీ మితవాదులని పేరు పెట్టేశాయి. ‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. మాత్ర, పరిమాణం, పరిమితి అన్నీ దాని సంతానమే. మితమంటే కొలిచినది. కొలతే లేనివాడికి ఆ పేరెలా తగిలిస్తారు?

కొలత తెలిసి మాట వాడిన కవి గురజాడ. ‘దేశమును ప్రేమించుమన్నా’ 1910 నాటి గీతం. 1907లో అతివాద నేత బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రిలో, బందరులో ఉపన్యాసాలిచ్చి వెళ్లాక తెలుగు కుర్రకారు ఉడుకు మీదున్న కాలం. అప్పుడాయన ‘మంచి గతమున కొంచెమేనోయ్’ అన్నాడు. గతమంటే గురజాడకు గిట్టదని చెప్పడానికి వేదికల మీద ఈ పాదాన్ని తెగ వాడేస్తారు. దయచేసి మళ్లీ చదవండి. ‘లేదోయ్’ అనలేదు, ‘కొంచెమే’ అన్నాడు. మంచి ఉందని ఆ మాట ఒప్పుకుంటోంది, అంతకు మించి లేదని దాని చివరి ఏకారం గట్టిగా చెబుతోంది. అదే గీతంలో ‘సొంత లాభం కొంత మానుకు’ అని ఉంది. పూర్తిగా మానుకోమనలేదు! పొరుగువాడికి తోడుపడమనే ఆదర్శంలో కూడా, మనిషికి తన లాభం ఉంటుందని ఒప్పుకుని అందులో కొంతే అడిగాడు. గతానికి ‘కొంచెం’, త్యాగానికి ‘కొంత’. ఇంత పొదుపుగా దేశభక్తి చెప్పినవాళ్లు నాకు మరొకరు కనబడరు.

ఈ రెండు మాటలూ తీసేస్తే ఏమవుతుందో లోకం చూసింది. ఇటలీ నియంత ముస్సోలినీ తన ఫాసిస్టు పార్టీకి పేరూ గుర్తూ ప్రాచీన రోమ్ నుంచి తెచ్చుకున్నాడు. అక్కడ అధికారుల ముందు భటులు మోసిన కట్టెల మోపు, గొడ్డలీ ఆ గుర్తు. 1936లో ఇథియోపియాను ఆక్రమించి, రోమ్‌కు సామ్రాజ్యం తిరిగొచ్చిందని ప్రకటించాడు. రెండో కొసన, అంటే ఎడమవైపు, కంబోడియా కమ్యూనిస్టు నేత పోల్ పాట్. 1975లో అతని మనుషులు రాజధాని నమ్ పెన్ నగరాన్ని ఖాళీ చేయించారు. డబ్బూ, సొంత ఆస్తీ రద్దు. నాలుగేళ్లలోపే సుమారు 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. అంతా కొత్తగా కడతామన్న ఆ ప్రభుత్వం జెండా మీద ఉన్నవి ప్రాచీన ఆలయం ఆంగ్‌కోర్ వాట్ గోపురాలు! రాబోయే కాలం మీద అంత మోజు ఉన్నవాళ్లకూ పాత వైభవమే కావలసి వచ్చింది. అందుకే రెండు కొసలకూ ‘అతి’ అనే ఉపసర్గ ఒక్కటే సరిపోతుందంటాను.

‘తీవ్ర మితవాదం’ మాత్రం మానేయాలి. హెడ్డింగు పెట్టేవాళ్లకు టైము టెన్షన్ ఉంటుంది, నిజమే. అయినా ఆ పార్టీ ఏం కోరుతోందో చూసి ‘అతి జాతీయవాద పార్టీ’ అనో, ‘వలసల వ్యతిరేక పార్టీ’ అనో రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఒట్టి ‘మితవాద పార్టీ’ని ఇన్నేళ్ల వాడుక కాబట్టి తప్పని కొట్టేయలేను. గోఖలే తరహా మితవాదమా, కుడిపక్షమా అనేది వాక్యంలో తేలితే సర్దుకోవచ్చు. ఇక ‘తీవ్రవాదం’ అంటారా, దానికిప్పుడు ఆయుధం పట్టడమనే అర్థం స్థిరపడింది. ఓట్లడిగే పార్టీకి అది అతకదు.