జీతం నాది, ఏటీఎం కార్డు అమ్మది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర ఒక ఊరు. నాకు 22 ఏళ్లు. నాన్న నా చిన్నప్పటి నుంచీ కువైట్‌లోనే డ్రైవర్. అమ్మే పెంచి చదివించింది. బీకాం అయ్యాక ఒక కొబ్బరి కొట్లో లెక్కలు రాస్తున్నాను. డిగ్రీ చివరి ఏడాదిలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం అమ్మతో కలిపి తీసిన జాయింట్ ఖాతాలోనే జీతం పడుతుంది. ఏటీఎం కార్డు, ఖాతాకున్న ఫోన్ నంబరు రెండూ అమ్మవే. చెప్పులు కొనుక్కోవాలన్నా అడగాలి. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ చేస్తుంది, నాకు కాదండి, మా షావుకారు గారికి. పొద్దున నేను వేసుకోవాల్సిన డ్రెస్ కూడా రాత్రే తీసి మంచం మీద పెడుతుంది. ఇప్పుడు కాకినాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో ఉండాలి. ఆ మాట చెప్పగానే రెండు రోజులు అన్నం మానేసింది. నా సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళంచెవి కొంగుకి కట్టుకుంది. అమ్మని బాధపెట్టకుండా వెళ్లడం ఎలాగండీ?
(పేరు వద్దండి)

జవాబు: బాధపెట్టకుండా కుదరదమ్మా. ఆవిడ ఏడుస్తుంది, నాలుగిళ్లకీ వెళ్లి చెప్పుకుంటుంది. దాన్ని తప్పనిసరి ఖర్చు కింద రాసుకో. లెక్కలు రాసేదానివి, నీకు వేరే చెప్పాలా.

మంచం మీద డ్రెస్ సంగతి నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు మాత్రం ఉత్తరమంతా అందులోనే ఉన్నట్టనిపించింది. రేపు పొద్దున అక్కణ్నుంచే మొదలుపెట్టు. ఆవిడ తీసిన డ్రెస్ మడతపెట్టి పక్కన పెట్టి, నీకు నచ్చింది వేసుకుని 'వెళ్లొస్తానమ్మా' అని బయల్దేరు. ఎందుకలా అని అడిగితే 'ఇవాళ ఇది వేసుకోవాలనిపించింది' అను, అంతే. కారణాలు చెప్పావంటే వాదన మొదలవుతుంది, వాదనలో నువ్వు గెలవలేవు. విసుక్కుంటుంది. రాత్రికి మళ్లీ ఇంకోటి తీసి పెడుతుంది కూడా. నువ్వూ మళ్లీ అదే పని చెయ్యి. ఈ మాత్రం అలవాటు కాకుండా కాకినాడ మాట ఎత్తితే నీ గొంతు వణుకుతుంది, ఆవిడ అది కనిపెట్టేస్తుంది.

ఇక డబ్బు. ఆ జాయింట్ ఖాతాని మూయించాలని బ్యాంకు చుట్టూ తిరగకు, ఉండనీ. 18 నిండినదానివి, నీ ఒక్కదాని పేరున ఖాతా తీసుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. నీ సొంత నంబరే ఇవ్వు. ఆధార్‌లోనూ అమ్మ నంబరే ఉంటే ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి మార్పించుకో, పాత నంబరుకి వచ్చే ఓటీపీతో పనిలేదు. కొత్త జీతం కొత్త ఖాతాలో పడాలి. అమ్మకి ఎంత ఇవ్వాలో అంత నువ్వే పంపు.

సర్టిఫికెట్ల కోసం కొంగు పట్టుకు లాగకు. నంబరు మారాక టెన్త్ మార్కుల మెమో డిజిలాకర్‌లో తీసుకోవచ్చు. ఆడిటర్ గారికి ముందు అది చూపించి, ఒరిజినల్స్ కి కాస్త గడువు అడుగు. అన్నట్టు, ఒరిజినల్స్ ఆఫీసులోనూ వదలకు, అమ్మ బీరువా తప్పి వాళ్ల బీరువాలో పడతాయి. ఎంతకీ ఇవ్వకపోతే నాన్నగారికి ఫోన్ చెయ్యి. డబ్బు పంపడమే తప్ప ఇంటి సంగతుల్లో నోరెత్తని గల్ఫ్ తండ్రులు మన కోనసీమలో వీధికొకరు. ఈ ఒక్కసారికి నోరెత్తమను.

మీ అమ్మ మీద నాకు కోపం లేదు. మొగుడు దూరదేశంలో ఉన్న ఆడదాని గడప మీద ఊరందరి కళ్లూ ఉంటాయి. గేటు దగ్గర ఎవరి బండి ఆగింది, లైటు ఎన్నింటికి ఆరింది, అన్నీ ఆరాలే. వాటి మధ్య ఆడపిల్లని పెంచినావిడకి కాపలా కాయడమే ప్రేమైపోయింది. పైగా ఆవిడ చిన్నప్పుడు యానాం-ఎదుర్లంక వంతెన లేదు, అక్కడ గౌతమి దాటాలంటే రేవులో కాచుకోవాల్సిందే. నువ్వు బాలయోగి వారధి మీద బస్సులో కునుకు తీస్తూ వెళ్లిపోతావు. ఆవిడకి కాకినాడ ఇంకా అవతలి ఒడ్డే. ఇదంతా తెలుసుకో, కానీ ఇది తెలిసిందని ఆగిపోకు.

'వెళ్లనా' అని అడగొద్దు. 'ఒకటో తారీకున చేరుతున్నాను, శనివారం రాత్రికి వస్తాను' అని చెప్పు. ముందే ఒకసారి తీసుకెళ్లి హాస్టల్ గది చూపించు. రోజూ రాత్రి తొమ్మిదింటికి నువ్వే ఫోన్ చెయ్యి, మధ్యలో వచ్చినవన్నీ ఎత్తక్కర్లేదు. షావుకారు గారికి చేసినట్టు ఆడిటర్ గారికి చేయకుండా, ఆఫీసు నంబరు ఇవ్వకపోవడమే మంచిది.

మళ్లీ అన్నం మానేస్తే దగ్గరివాళ్లని తోడు ఉండమను, బీపీ, షుగరు మాత్రలుంటే ఆపకుండా చూడు. నువ్వు మాత్రం మాట మార్చకు. మార్చావా, ఈసారి రెండు రోజులు, వచ్చేసారి నాలుగు. చెయ్యి చేసుకున్నా, గదిలో పెట్టి తాళం వేసినా, నీకిష్టం లేని సంబంధం ఖాయం చేసినా ఇంకేం ఆలోచించకుండా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి.

మొదటి శనివారం ఇంటికెళ్తే ఆవిడ నీతో మాట్లాడకపోవచ్చు. అలిగి ఆదివారం పొద్దున్నే బస్సెక్కెయ్యకు. సాయంత్రం దాకా ఉండి, రెండో శనివారమూ వెళ్లు.