పట్టాయాలో ఆంధ్రా మెస్: 51 శాతం ఎవరి పేరు మీద?

ప్రశ్న: మాది రాజమండ్రి. వయసు 39, చాలా ఏళ్లుగా క్యాటరింగ్ చేస్తున్నాను. పోయినేడాది పట్టాయా వెళ్లినప్పుడు మన తెలుగువాళ్లు అన్నం, పప్పు కోసం ఎంత వెతుక్కుంటున్నారో చూశాక అక్కడే మెస్ పెట్టాలనిపించింది. నడుస్తున్న హోటల్ ఒకటి టేకోవర్‌కి ఉందని ఏజెంటు చెప్పాడు. నా దగ్గర 35 లక్షలున్నాయి, ఇల్లు తాకట్టు పెడితే ఇంకో 25 లక్షలు వస్తాయి. కంపెనీలో 51 శాతం తన ఆఫీసులో పనిచేసే థాయ్ అమ్మాయి పేరు మీద పెడదామని, ఆమెకి ఏడాదికి 30 వేల బాట్ ఇస్తే చాలని, తేదీ వేయకుండా సంతకం పెట్టిన వాటాల బదిలీ కాగితాలు ముందే ఇప్పిస్తానని అంటున్నాడు. వర్క్ పర్మిట్ వచ్చేదాకా టూరిస్టుగా వచ్చి షాపు చూసుకోమంటున్నాడు. ఇద్దరు వంటవాళ్లని ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి. నా భార్య హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది, తనూ వస్తానంటోంది. ఏజెంటుకి ఇప్పటికే 50 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. ఈ ప్లాన్ మీద మీ అభిప్రాయం చెప్పండి. లేదంటే ముందు బీచ్‌లో దోసెల బండితో మొదలుపెట్టమంటారా?

జవాబు: ఏజెంటు చెప్పిన ప్లాన్ వద్దండీ. పట్టాయాలో మెస్ ఆలోచన మాత్రం చెడ్డదేం కాదు, కానీ మీరు లెక్క మొదలుపెట్టిన చోటు తప్పు. అద్దె, టేకోవర్ డబ్బు, వంట సామాను చూసుకుని 60 లక్షలు సరిపోతాయనుకుంటున్నారు. థాయ్‌లాండ్‌లో విదేశీయుడు చట్టప్రకారం బతకడానికి, వ్యాపారం చేయడానికి నెలనెలా ఒక ఖర్చుంది, అది ముందు వేసుకోవాలి. ఏజెంటు చేస్తున్నదల్లా ఆ ఖర్చు మీ కంట పడకుండా దాచడమే.

ముందు ఆ అమ్మాయి సంగతి. అక్కడ 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం ఉంది. కంపెనీలో సగం గానీ అంతకన్నా ఎక్కువ గానీ వాటా విదేశీయులదైతే దాన్ని విదేశీ కంపెనీగా చూస్తారు, హోటల్ లాంటి వ్యాపారాలు అలాంటి కంపెనీ ప్రత్యేక లైసెన్స్ లేకుండా చేయకూడదు. అందుకే అందరూ 51-49 అంటారు. అందులో తప్పు లేదు, అసలైన థాయ్ భాగస్వామి సొంత డబ్బు పెట్టి, లాభనష్టాల్లో పాలు పంచుకుంటే అది పూర్తిగా సక్రమం. పైసా పెట్టని మనిషి పేరు వాడుకోవడం మాత్రం అదే చట్టం 36వ సెక్షన్ కింద నేరం, పేరు ఇచ్చిన థాయ్ వ్యక్తికీ, వాడుకున్న మీకూ ఇద్దరికీ: మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష నుంచి 10 లక్షల బాట్ జరిమానా, లేదా రెండూ. ఆఫీసు అమ్మాయికి 51 శాతం వాటా కొనే డబ్బు ఎక్కడిదని అడిగితే ఏం చెప్తారు? అక్కడి వ్యాపార అభివృద్ధి శాఖ ఈ మధ్య బినామీ వాటాల మీద గట్టిగా ఉంది, థాయ్ వాటాదారుల బ్యాంకు కాగితాలు కూడా అడుగుతోంది.

ఇక ఆ తేదీ లేని బదిలీ కాగితాలు. ఏజెంటు వాటిని మీకు రక్షణ అని చెప్పాడు కదా, నిజానికి మీ మీద కేసు నడపడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఇంకోటి ఉండదు. ఆమె నిజమైన యజమాని కాదని మీరే రాసి బీరువాలో దాచుకున్నట్టు. రేపు ఆమె ఎదురు తిరిగినా ఆ కాగితాలు పట్టుకుని మీరు కోర్టుకి వెళ్లలేరు, వెళ్తే ముందు ఇరుక్కునేది మీరే.

అసలైన భాగస్వామి దొరికితే మీకు ఉండే బలం ఎంతో కూడా తెలుసుకోండి. కంపెనీ నియమావళి మార్చాలన్నా, మూలధనం పెంచాలన్నా, కంపెనీ మూసేయాలన్నా నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి, అంటే మీ 49 శాతంతో వాటిని ఆపగలరు. డైరెక్టర్‌ని పెట్టడానికి, తీసేయడానికి మాత్రం మామూలు మెజారిటీ చాలు, అది వాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే ఏజెంటు కూర్చోబెట్టిన మనిషి వద్దు. పట్టాయాలో ఏళ్లుగా హోటలో, ట్రావెల్సో నడుపుతూ మన గ్రూపులకి అన్నం పెట్టే చోటు కావాలనుకునే థాయ్ వ్యాపారి ఎవరైనా ఉంటే వాళ్లతో మాట్లాడండి. మొత్తం మీ పేరు మీదే పెట్టుకునే దారులు వేరే వ్యాపారాలకి ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ లాంటివాటికి అక్కడి పెట్టుబడుల బోర్డు నూరు శాతం విదేశీ వాటా ఒప్పుకుంటుంది, అమెరికన్లకి వాళ్ల పాత ఒప్పందం ఒకటుంది. మెస్ పెట్టే రాజమండ్రి మనిషికి అవేవీ పనికిరావు.

ఇప్పుడు అసలు లెక్క. మీరు జాగ్రత్తగా చదవాల్సింది ఇదే.

మామూలు థాయ్ కంపెనీలో ఒక విదేశీయుడికి వర్క్ పర్మిట్ కావాలంటే 20 లక్షల బాట్ మూలధనం ఉండాలి. ఏడాది వీసా పొడిగింపుకి ఇమిగ్రేషన్ వాళ్లు ఒక్కో విదేశీయుడికి నలుగురు థాయ్ ఉద్యోగుల్ని చూపించమంటారు, పైగా భారతీయుడికి నెలకి కనీసం 35 వేల బాట్ జీతం చూపించి దాని మీద పన్ను కట్టాలి. మీరు, ఇద్దరు వంటవాళ్లు కలిపి ముగ్గురు. అంటే 60 లక్షల బాట్ మూలధనం, పన్నెండు మంది థాయ్ సిబ్బంది! బర్మావాళ్లు తక్కువకి దొరుకుతారని ఎవరైనా అంటే, వాళ్లు ఈ నలుగురి లెక్కలోకి రారు. నలుగురు పేర్లు కాగితం మీద పెట్టేద్దాం అంటాడు ఏజెంటు, కానీ వాళ్లకి నెలనెలా సోషల్ సెక్యూరిటీ కట్టిన రసీదులు చూస్తారు, తనిఖీకి వస్తే మనుషుల్నీ చూస్తారు.

పట్టాయా చోన్‌బురి ప్రావిన్స్‌లో ఉంది, అక్కడ కనీస కూలి 2025 జనవరి నుంచి రోజుకి 400 బాట్. నెలజీతం లెక్కన మనిషికి 12 వేలు వేసుకోండి. పన్నెండు మందికి 1,44,000, మీ ముగ్గురికి 1,05,000, మొత్తం 2,49,000 బాట్. లెక్క సులువుగా ఉండటానికి బాట్‌ని 3 రూపాయలుగా తీసుకుంటున్నా, అంటే నెలకి దాదాపు ఏడున్నర లక్షల రూపాయలు, ఇంకా స్టవ్ వెలిగించకుండానే. అద్దె 80 వేల బాట్ అనుకుందాం, కరెంటు, గ్యాస్, అకౌంటెంట్ అన్నీ కలిపి 50 వేలు అనుకుందాం. సరుకుల ఖర్చు అమ్మకంలో 35 శాతం, ప్లేటు ధర 7 శాతం వ్యాట్‌తో కలిపి 250 బాట్ అనుకుంటే, నష్టం లేకుండా నెట్టుకురావడానికే రోజుకి 83 ప్లేట్లు పైన అమ్మాలి, నెలలో ఒక్క రోజు కూడా సెలవు లేకుండా. అదే మీరొక్కరే వెళ్లి, నలుగురు థాయ్ మనుషులకి సాంబారు, గోంగూర మాంసం నేర్పించుకుంటే 47 ప్లేట్లు చాలు. వంట పని విదేశీయులకి నిషేధించిన పనుల జాబితాలో లేదు, పర్మిట్‌కి దరఖాస్తు చేసేటప్పుడే మీరు చేసే పని వివరంగా రాయించుకోండి. వంటవాళ్లని తీసుకెళ్లడం రెండో ఏడాది సంగతి. కుర్రాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు, కానీ ఒక్కో కుర్రాడి వెనక నాలుగు జీతాలున్నాయి.

మూలధనం విషయానికొస్తే, ఒక్కరికే పర్మిట్ అయితే 20 లక్షల బాట్ చాలు. అందులో 49 శాతం అంటే 9,80,000 బాట్, సుమారు 29.40 లక్షల రూపాయలు మీవి, మిగతా 10,20,000 బాట్ భాగస్వామి పెట్టాలి. ఆ డబ్బు బ్యాంకులో కదలకుండా ఉండాలనేం లేదు, వ్యాపారానికి వాడుకోవచ్చు. అంటే ఇల్లు తాకట్టు పెట్టాల్సిన అవసరమే లేదు! అయినా పెట్టకూడదు కూడా, విదేశంలో వాటాలు కొనడానికి ఎల్‌ఆర్‌ఎస్ (మనలాంటివాళ్లు విదేశాలకి డబ్బు పంపుకునే పథకం) కింద పంపే డబ్బుకి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. వేరే కారణం రాసి లోను తీసుకుంటాననే ఆలోచన వద్దు.

డబ్బు పంపే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. మీరు కొనేది స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాని విదేశీ కంపెనీ వాటా, దాన్ని ఓవర్సీస్ డైరెక్ట్ ఇన్వెస్ట్‌మెంట్ అంటారు, 2022 ఆగస్టులో వచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. మీ బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, ఆ పెట్టుబడికి ఒక నంబర్ తెచ్చుకున్నాకే డబ్బు పంపాలి, ఆరు నెలల్లోగా వాటాల పత్రం ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా డిసెంబర్ 31లోపు రిపోర్టు పెట్టాలి. చిన్న బ్రాంచిలో ఇవి తెలిసినవాళ్లు ఉండకపోవచ్చు, విదేశీ మారకం చూసే పెద్ద బ్రాంచికి వెళ్లండి. ఇక్కడే టీసీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను దెబ్బ కూడా ఉంది: ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం బ్యాంకు పట్టుకుంటుంది. 29.40 లక్షలు ఒకేసారి పంపితే 3.88 లక్షలు అందులోకి పోతాయి. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, మిగిలితే వెనక్కి వస్తుంది, కానీ అప్పటిదాకా మీ 35 లక్షల్లో చేతిలో మిగిలేది 1.72 లక్షలే. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపేలా చూసుకుంటే రెండేళ్ల పరిమితి కలిసొచ్చి టీసీఎస్ దాదాపు సగానికి తగ్గుతుంది. హవాలాలో తక్కువకి పంపిస్తామనే మాట ఎవరైనా అంటే వినకండి, విదేశీ మారక చట్టం ఫెమా కింద పట్టుబడితే జరిమానా పంపిన మొత్తానికి మూడింతల దాకా వెళ్తుంది, పైగా వాటా డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అక్కడా చూపించలేరు.

టూరిస్టుగా వెళ్లి షాపు చూసుకోవడం? కుదరదు. స్థలాలు చూడండి, లాయరుతో, భాగస్వామితో మాట్లాడండి, అంతే. పర్మిట్ లేకుండా కౌంటర్ వెనక నిలబడి దొరికితే 5 వేల నుంచి 50 వేల బాట్ జరిమానా వేసి దేశం నుంచి పంపేస్తారు, ఆపైన రెండేళ్లు పర్మిట్ రాదు. సరైన వరస ఇది: కంపెనీ రిజిస్టర్ చేయడం, ఇక్కడి నుంచి నాన్-ఇమిగ్రెంట్ బి వీసా (వ్యాపారానికి, ఉద్యోగానికి ఇచ్చేది) మీద వెళ్లడం, అది 90 రోజులు ఉంటుంది, ఆలోపు వర్క్ పర్మిట్, తర్వాత 1,900 బాట్ కట్టి ఏడాది పొడిగింపు. తర్వాత ప్రతి 90 రోజులకీ చిరునామా రిపోర్టు ఇస్తుండాలి. ఇంకోటి, పండక్కి ఇంటికొచ్చేటప్పుడు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా విమానం ఎక్కితే ఆ ఏడాది పొడిగింపు అక్కడితో రద్దవుతుంది. ఒకసారికైతే 1,000 బాట్, ఎన్నిసార్లయినా అంటే 3,800. కట్టేయండి.

టేకోవర్ డబ్బుని అక్కడ సెంగ్ అంటారు. ఆ డబ్బు వెళ్లేది ఇప్పుడు నడుపుతున్నవాడికి, బిల్డింగ్ ఓనర్‌కి కాదు, అందుకని ఓనర్ మీ కంపెనీ పేరు మీద కొత్త అద్దె ఒప్పందం రాసిచ్చేదాకా పైసా ఇవ్వకండి. మూడేళ్లకి మించిన లీజు భూమి కార్యాలయంలో రిజిస్టర్ చేయించాలి, లేకపోతే మూడేళ్ల తర్వాత దానికి విలువ ఉండదు. హోటల్ స్థలం 200 చదరపు మీటర్లు దాటితే మున్సిపాలిటీ లైసెన్స్, లోపైతే తెలియజేసి ధ్రువపత్రం తీసుకుంటే చాలు. పాతవాడి లైసెన్స్ మీద నడుపుకోవచ్చు అనే మాట నమ్మకండి.

పన్నులు మీరు భయపడేంత లేవు. కంపెనీ చిన్నదే కాబట్టి ఏడాది లాభంలో మొదటి 3 లక్షల బాట్ మీద సున్నా, అక్కడి నుంచి 30 లక్షల దాకా 15 శాతం, ఆపైన 20. మీ 35 వేల జీతం మీద ఏడాదికి మినహాయింపులు పోను 5,500 బాట్ దాకా వస్తుంది. అమ్మకాలు ఏడాదికి 18 లక్షల బాట్ దాటితే వ్యాట్ తప్పదు, పై లెక్క ప్రకారం మీకు కొన్ని నెలల్లోనే దాటుతుంది. వ్యాపారం జరిగినా జరగకపోయినా ఏటా ఆడిట్ చేయించాల్సిందే.

మీ భార్య గురించి. మీ వీసా మీద ఆధారపడి వచ్చే వీసాతో ఉద్యోగం చేయడం సరికాదు. విదేశీ కంపెనీకి దూరం నుంచి పనిచేసేవాళ్ల కోసం 2024 జూలైలో డీటీవీ అనే వీసా తెచ్చారు, ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. కానీ బ్యాంకులో 5 లక్షల బాట్ చూపించాలి, అంటే 15 లక్షల రూపాయలు, మెస్‌లో పెట్టాక మీ దగ్గర అంత మిగలదు. ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు అక్కడ ఉంటే పన్నుకి అక్కడి నివాసి అవుతారు కూడా. నన్నడిగితే మొదటి ఏడాది ఆవిడ రాజమండ్రిలోనే ఉండనివ్వండి. మెస్ నిలదొక్కుకునేదాకా ఇల్లు నడిచేది ఆ జీతంతోనే, మీరు అక్కడ చూపించే 35 వేల బాట్ అక్కడి అద్దెకీ ఖర్చులకీ సరిపోతే గొప్ప. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి, ఇంకో 10 లక్షలు కూడేదాకా ఆగండి, ఈలోపు భాగస్వామిని వెతకండి.

బీచ్‌లో దోసెల బండితో మొదలుపెట్టమంటారా అని చివర్లో అడిగారు, తోపుడు బండి వ్యాపారం విదేశీయులకి పూర్తిగా నిషేధం, ఆ ఊసు వదిలేయండి. ఏజెంటుకి ఇచ్చానన్న 50 వేల అడ్వాన్స్ సంగతి: ఒకసారి వాట్సాప్‌లో రాతపూర్వకంగా తిరిగి అడగండి, ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే పోయిందనుకోండి, దాన్ని రాబట్టుకోవడానికి ఇంకో లక్ష మాత్రం అతని చేతిలో పెట్టకండి.