తాత పేరా, నక్షత్రం అక్షరమా?

ప్రశ్న: మా అమ్మాయిని గ్రీకు అబ్బాయికి ఇచ్చాం. తొలి కాన్పు ఇక్కడే అయింది. మగబిడ్డ, పూర్వాభాద్ర నాలుగో పాదం. వాళ్ల నాన్న పేరు దిమిత్రియోస్ పెట్టాలని అల్లుడి పట్టు. వియ్యంకుడు నిక్షేపంగా ఉన్నాడు, ఉన్న మనిషి పేరు పెట్టడమేందని మా అత్తగారు. పేరులో శ్రీనివాసుడు ఉండాలని మాకు. ఇరవై ఒకటో రోజు బారసాల. ఏం చేయాలి?
– ఒక అమ్మమ్మ, తిరుపతి

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి. మనలో చాలా ఇళ్లల్లో పోయినవాళ్ల పేరు పెట్టుకుంటారు. గ్రీకులు తాత ఎదురుగా కూర్చుని ఉండగానే తొలి మనవడికి ఆయన పేరు పెడతారు. అది ఆయనకు మర్యాద, పెట్టకుంటే నొచ్చుకుంటారు. రెండో మగబిడ్డకు సాధారణంగా తల్లి తండ్రి పేరు. కాబట్టి మీవారి వంతు ఎక్కడికీ పోదు.

అక్షరం చిక్కు మీకు లేనే లేదు. పూర్వాభాద్రకు సే, సో, దా, దీ. నాలుగో పాదానికి దీ. దిమిత్రియోస్ అంటే దిమిత్రకు చెందినవాడు. ఆమె పాతకాలపు గ్రీకుల ధాన్యదేవత. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాయడానికి ఇంతకంటే అతికిన పేరు ఏముంది?

రెండో పేరుగా శ్రీనివాస్ చేర్చండి. గ్రీకులో 'శ' పలకదు, 'స్రినివాస్' అంటారు. అయినా మగవాళ్ల పేర్లు 'స్'తో ముగియడం వాళ్ల వాడుకే, చక్కగా ఇముడుతుంది. పిలిచేటప్పుడు ఆ 'స్' రాలిపోతుంది: దిమిత్రియోస్‌కు వాడుక రూపమైన దిమిత్రిస్‌ను 'దిమిత్రీ' అంటారు, మనం రాముణ్ని 'రామా' అన్నట్టు. మీ శ్రీనివాసుణ్ని 'స్రినివా' అంటే ఉలిక్కిపడొద్దు. వరస మాత్రం మార్చకండి. జ్ఞానస్నానం చేయిస్తే చర్చిలో సెయింటు పేరు అడుగుతారు, అదే ముందుండాలి. సెయింట్ దిమిత్రియోస్ పండుగ అక్టోబరు 26. ఆ పేరున్న వాళ్లందరికీ అది పేరు పండుగ, ఇంటికి చుట్టాలు వచ్చే రోజు. ఇంట్లో పిలుపుకు 'మిమిస్' ఉంది.

ఇక కాగితాలు. పుట్టుక 21 రోజుల్లో నమోదు కావాలి. ఆస్పత్రి కాన్పయితే వాళ్లే పంపుతారు. పేరు తేలకుంటే ఆ గడి ఖాళీగా వదిలేయండి. 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా. తొందరపడి ముద్దుపేరు రాయించారో, చేర్చడం తేలిక, మార్చడం తలనొప్పి. తండ్రి పేరు, ఇంటిపేరు ఆయన పాస్‌పోర్టులో ఎట్లుంటే అక్షరం పొల్లుపోకుండా అట్లే ఉండాలి. ఇంటిపేరును మన అలవాటు కొద్దీ ఒక్క అక్షరానికి కుదించొద్దు.

ప్రశ్న: మా కోడలు గ్రీకు అమ్మాయి. తొలి బిడ్డ ఆడపిల్ల. వాళ్లమ్మ పేరు ఫొతినీ. దానికి వెలుగు అని అర్థమట. జ్యోతి అని పెడితే ఆమెను తలచుకున్నట్టే కదా?
– అలమేలమ్మ, చిత్తూరు

జవాబు: కాదు. వాళ్లకు గౌరవం అర్థంలో లేదు, పిలుపులో ఉంది. అవ్వ తన పేరు చెవిన వినాలి. పైగా గ్రీసులో చాలాచోట్ల తొలి ఆడపిల్లకు నాన్నమ్మ పేరే పెడతారు, అంటే మీ పేరే! (కొన్ని దీవుల్లో అమ్మమ్మది.) అలమేలు పలకడానికి గ్రీకు నాలుకకు ఇబ్బంది లేదు. 'అలమేలు ఫొతినీ' పెట్టండి. జ్యోతిలో 'జ' వాళ్లకు 'డ్జ' అవుతుంది.

ముద్దుపేర్లు మాత్రం చూసుకోవాలి. అనస్తాసియాను వాళ్లు 'సూలా' అంటారు, మన ఇంట్లో అది కడుపునొప్పిలా వినిపిస్తుంది. ఇంటిపేరు గ్రీకులదే అయినచోట ఇంకోటి: తండ్రి పపదోపులోస్ అయితే కూతురు పపదోపులూ. అది అచ్చుతప్పు కాదు, ఆఫీసులో దిద్దనివ్వకండి.