సర్వే మధ్యలో మానేయొచ్చా?

ప్రశ్న: మా యూనివర్సిటీ, ఇంకొన్ని యూనివర్సిటీలు కలిసి విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్నాయి. మా చదువు పూర్తయ్యేదాకా ఏటా ఒక ఫారం నింపాలి. చేరిన కొత్తలో పేరిచ్చాను. అప్పుడు బాగానే ఉన్నాను, టకటకా నింపేశాను. ఇప్పుడు రెండో ఏడాది. సరిగ్గా నిద్ర పట్టడం లేదు, క్లాసులకు వెళ్లబుద్ధి కావడం లేదు. మళ్లీ లింకు వచ్చింది. తెరిచి, సగం చదివి మూసేశాను. నేను రాసింది చూసి ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. అయినా దీనివల్ల నాకు ఒరిగేదేముంది? మానేయొచ్చా మేడమ్?
– ఒక విద్యార్థిని

జవాబు: మానేయొచ్చమ్మా. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. నువ్వు ఒప్పుకున్న సమ్మతి పత్రం మళ్లీ తీసి చూడు, ఆ మాట అందులో ఉండాలి. తప్పుకున్నందుకు మార్కులు తగ్గించడానికి వీల్లేదు. ఇంత చెప్పాక, ఉండమని ఎందుకు కోరుకుంటున్నానో కూడా విను.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇలాంటి పరిశోధనల్లో లెక్కలు చూసేదాన్ని. ఏడాది జవాబులన్నీ చేతికొచ్చాక ముందు ఖాళీ వరసలే వెతికేదాన్ని. మొదటి ఏడాది అన్నీ నింపి రెండో ఏడాది కనబడకుండా పోయినవాళ్లు. కొందరికి తీరిక లేక కావచ్చు. కానీ చదువు ఆపేసినవాళ్లు, గదిలోంచి బయటికి రానివాళ్లు, నీలాగే లింకు తెరిచి మూసేసినవాళ్లు కూడా ఆ ఖాళీల్లోనే ఉంటారు. కులాసాగా ఉన్నవాళ్లే మిగిలితే, ఏటికేడాదీ విద్యార్థులు కుదుటపడుతున్నట్టు గ్రాఫు చూపిస్తుంది. ఆ గ్రాఫు చూసి కౌన్సెలర్లు ఇంకెందుకు అని ఎవరైనా అంటే, వాళ్లకు చూపించడానికి మా దగ్గర ఏమీ ఉండదు. అందుకే నిద్ర పట్టని ఈ ఏడాది నువ్విచ్చే జవాబు పోయినేటి జవాబు కంటే విలువైనది.

ఏళ్ల తరబడి అడగడం కూడా ఊరికే కాదు. ఒక్కసారి అడిగితే, నిద్ర తక్కువైనవాళ్లు దిగులుగా ఉన్నారని మాత్రం తెలుస్తుంది. ముందు నిద్ర తగ్గిందా, ముందు దిగులు పట్టుకుందా? అదే మనిషిని మళ్లీ మళ్లీ అడిగితేనే ఆ వరస బయటపడుతుంది. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో 2013లో 48 మంది విద్యార్థుల ఫోన్ల ద్వారా 10 వారాల టర్మ్ అంతా వాళ్ల నిద్ర, తిరుగుడు, మాటామంతీ గమనించారు. టర్మ్ ముదిరేకొద్దీ ఒత్తిడి పెరిగింది, నిద్ర, మాటలు తగ్గాయి. తర్వాత అక్కడే 200 మందికి పైగా విద్యార్థులను నాలుగేళ్లపాటు ఇలాగే గమనించారు.

ఇక నువ్వు ఆగిపోయిన చోటు. ఇలాంటి ఫారాల్లో చాలావాటిలో డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి. గత రెండు వారాల్లో ఎలా ఉన్నావని అడుగుతాయి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే ఇంకాస్త లోతుగా చూడాలని అర్థం, జబ్బు ఖాయమని కాదు. తొమ్మిదో ప్రశ్న మాత్రం, చనిపోతే బాగుండునని గానీ, తనను తాను గాయపరచుకోవాలని గానీ అనిపించిందా అని అడుగుతుంది. అక్కడ చాలామంది చెయ్యి ఆగుతుంది.

పరిశోధన చేసేవాళ్లకు మెయిల్ పెట్టి ఒక్క విషయం అడుగు: ఆ ప్రశ్నకు అవునని రాస్తే ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో చూస్తారు? కొన్నిచోట్ల వెంటనే ఫోన్ చేస్తారు. కొన్నిచోట్ల స్క్రీన్ మీద సహాయం నంబరు కనిపిస్తుంది, అంతే. కొన్నిచోట్ల ఆ జవాబు నెలల తర్వాత లెక్కల్లోకి వచ్చేదాకా ఎవరి కంటా పడదు. కాబట్టి సర్వేలో రాశాను కదా, ఎవరో ఒకరు వస్తారులే అని ఎదురుచూడొద్దు. నాకు రాసిన ఆ రెండు ముక్కలూ, నిద్ర సంగతి, క్లాసుల సంగతి, ఈ వారంలోనే కౌన్సెలర్‌కో డాక్టర్‌కో చెప్పు. ఫారం తర్వాతైనా నింపొచ్చు. తొమ్మిదో ప్రశ్నలోని ఆలోచన నీకు వచ్చి ఉంటే వారం కూడా ఆగకు తల్లీ, ఇవాళే చెప్పు. ఒంటరిగా మాత్రం ఉండకు.

పేరు బయటపడుతుందన్న భయానికి: పద్ధతిగా చేసేచోట పేర్లు, ఈమెయిళ్లు ఒక ఫైల్లో, జవాబులు ఇంకో ఫైల్లో ఉంటాయి. రెంటినీ కలిపేది ఒక కోడ్ నంబరు. అది ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండాలి. నీకు మార్కులు వేసే లెక్చరర్ ఆ ఇద్దరు ముగ్గురిలో ఉన్నారేమో అడుగు. ఉంటే అభ్యంతరం చెప్పు, నీ తరఫున నేనూ చెబుతాను.

ప్రశ్న: ఇన్ని యూనివర్సిటీలు కలవడం దేనికి? మా విద్యార్థుల సంగతి మేం తెలుసుకోలేమా?
– ఒక లెక్చరర్

జవాబు: తెలుసుకోగలరు. కానీ మీ దగ్గర పరీక్షల పద్ధతి మార్చాక పిల్లలు తేలికపడితే, అది ఆ మార్పు వల్లేనా, ఆ ఏడాది అంతటా అలాగే ఉందా? మార్చని చోటు పక్కన ఉంటేనే తేలుతుంది. అదీ అందరూ ఒకే ప్రశ్నలు, ఒకే కాలం గురించి అడిగితేనే. మీరు గత రెండు వారాల గురించి, పక్కవాళ్లు గత ఏడాది గురించి అడిగితే కలపడానికి కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుమీద సాగే కాలేజీ విద్యార్థుల సర్వే 8 దేశాల్లో 19 కాలేజీలను అలా కలిపింది. 2018లో వచ్చిన ఫలితాల్లో, జవాబిచ్చిన దాదాపు 14 వేల మంది మొదటి ఏడాది విద్యార్థుల్లో 31 శాతం మందికి అంతకుముందు ఏడాదిలో ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అడిగినవాళ్లలో సగంకన్నా తక్కువమందే జవాబిచ్చారు. పై అమ్మాయికి అంత పొడుగు ఉత్తరం రాసింది ఇందుకే.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాంటి సర్వేలో ఉన్నాడు. వాడి జవాబులు నాకు చూపిస్తారా?
– ఒక తండ్రి

జవాబు: చూపించరండీ. చూపిస్తారని తెలిస్తే ఏ పిల్లాడూ నిజం రాయడు. ప్రశ్నలు కావాలంటే ఖాళీ ఫారం అడిగి తీసుకోండి, చాలాచోట్ల ఇస్తారు. అది చదివి, నిద్ర ఎలా పడుతోందని మీ అబ్బాయినే అడగండి. మార్కుల సంగతి ఆ పూటకి ఎత్తకండి.