ఇంట్లో టైరు మార్చిన ప్రతిసారీ ట్యూబుకు చిల్లు పడుతుంటే

ఒకరు అడిగిన సంగతి ఇదీ: కావలి దగ్గర పల్లె, స్పోకుల చక్రాల స్ప్లెండర్. వెనక టైరు వసారాలోనే మార్చుకున్నారు. రెండుసార్లూ కొత్త ట్యూబు గంట తిరక్కుండానే గాలి దిగిపోయింది. ఇంకా మంచి లివర్లు (టైరు అంచును ఎత్తే ఇనప బద్దలు) కొనాలా అని ప్రశ్న.

లివర్లు మార్చినా ఇదే జరుగుతుంది, అన్నా. టైరు ఆఖరి జానెడు రిమ్ములోకి దిగక లివరు మీద ఒళ్లంతా వేసి ఎత్తుతున్నారంటే, ట్యూబు నలిగేది అక్కడే. రిమ్ము లోపల నడిమధ్య లోతుగా ఒక గాడి ఉంటుంది. టైరు అంచులో ఉక్కు తీగ ఉండబట్టి అది సాగదు. ఒకవైపు అంచు ఆ గాడిలోకి దిగితేనే ఎదుటివైపు అంచుకు రిమ్ము దాటేంత వదులు దొరుకుతుంది. లివరు బరువుగా ఉందంటే ఎదుటి అంచు గాడిలోంచి పైకి లేచిందన్నమాట. లివరు వదిలేసి అటువైపు రెండు మోకాళ్లూ మోపి అదమండి. ఆఖరి జానెడు చాలాసార్లు చేత్తోనే దిగిపోతుంది.

పాడైన ట్యూబులు పారేయకుండా ఉంటే ముందు వాటిని చూడండి. గాలి కొట్టి నీళ్ల బకెట్లో ముంచితే చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది, కారణం కూడా అక్కడే తెలుస్తుంది. పక్కపక్కనే రెండు సన్నటి కోతలుంటే లివరు పని. రిమ్ము వైపు చిల్లు పడితే స్పోకు కొస పొడుచుకొచ్చిందో, స్పోకు కొసలను కప్పే రిమ్ము టేపు పక్కకు జరిగిందో. రోడ్డు వైపు పడితే టైరులో ముల్లు ఇంకా ఉంది. వాల్వు మొదట్లో చిరిగితే, గాలి తక్కువగా నడిపినందువల్ల టైరు రిమ్ము మీద జారి ట్యూబును లాగింది. మన మెట్ట ఊళ్లలో సర్కారు తుమ్మ ముల్లు విరిగి టైరు మందంలోనే దాక్కుంటుంది, బయటికి కనపడదు. వేలితో తడిమితే గుచ్చుకుంటుంది, అందుకే పాత బనీను గుడ్డ లోపలంతా తిప్పండి, ముల్లున్న చోట పోగు తగులుకుంటుంది. చీమకుర్తి వైపు క్వారీ లారీల రోడ్ల మీద తిరిగే బళ్లకైతే రాతి పెళ్లలు కూడా ఇలాగే దిగుతాయి.

ఇక పని. బండి గట్టి నేల మీద సెంటర్ స్టాండు వేయాలి, మట్టి నేలైతే స్టాండు కింద చెక్క పెట్టండి. బ్రేకు రాడ్డు నట్టు, బ్రేకు ప్లేటును పట్టి ఉంచే స్టే రాడ్డు బోల్టు విప్పాక యాక్సిల్ నట్టు తీస్తారు. స్ప్లెండర్‌లాంటి బళ్లలో పళ్లచక్రం చెయినుతో పాటు బండికే ఉండిపోతుంది, చక్రం ఒక్కటే పక్కకు లాగితే వస్తుంది. చెయిను జోలికి పోనక్కర్లేదు. యాక్సిల్ మీది బుష్షులు ఏది ఎటువైపుదో ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బళ్లలో యాక్సిల్ తుప్పుతో బిగిసిపోతుంది. సుత్తితో నేరుగా మర మీద కొడితే మర చెడుతుంది. నట్టును కొస దాకా తిప్పి ఉంచి, పైన చెక్క అడ్డం పెట్టి కొట్టాలి. తిరిగి ఎక్కించేటప్పుడు యాక్సిల్‌కు పల్చగా గ్రీజు రాస్తే మళ్లీసారి ఈ బాధ ఉండదు.

చక్రాన్ని పాత కారు టైరు మీద పడుకోబెట్టి వాల్వులో గాలిని ఆపే పిన్ను పూర్తిగా తీసేయండి. కొంచెం గాలి మిగిలినా అంచు వదలదు. అంచు ఊడదీయడానికి మడమతో తొక్కితే చాలు, మొండికేస్తే ఇంకో బండి సైడ్ స్టాండు కొసను రిమ్ముకు తగలకుండా టైరు మీద ఆనించి ఆ బండిని వంచండి. సబ్బు నీళ్లు ధారాళంగా వాడండి. డీజిలు, ఇంజనాయిలు, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బి చెడుతుంది. లివరు వాల్వు దగ్గర మొదలుపెట్టి నాలుగు వేళ్ల ఎడంతో జరుపుకుంటూ పోవాలి. వాల్వు ఉన్న చోట గాడికి ట్యూబు మొదలు అడ్డం, కాబట్టి ఆ ఎదురుగా ఉన్న ఖాళీ గాడిలోకే అంచు దిగాలి. ఎక్కించేటప్పుడు కూడా ముగింపు వాల్వు దగ్గరే.

రిమ్ము లోపలి తుప్పును వైరు బ్రష్షుతో, ఎమరీ కాగితంతో గీకి, పొడుచుకొచ్చిన స్పోకు కొసలను ఆకురాయితో అరగదీయండి. రిమ్ము టేపుకయ్యే కొద్ది డబ్బు మిగుల్చుకుందామని పాతదే వేసేవాళ్లున్నారు, తర్వాత ట్యూబు కొనేదీ వాళ్లే.

కొత్త టైరును అరగంట ఎండలో పెడితే మెత్తబడుతుంది, ఈ విషయంలో నెల్లూరు ఎండ మనకు వరమే. పక్కన బాణం గుర్తు ముందుకు తిరిగే వైపు ఉండాలి. పసుపు చుక్క ఉంటే అది వాల్వు దగ్గరికి రావాలి. కొనేటప్పుడే నాలుగు అంకెల తేదీ చూడండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ట్యూబుకు టాల్కం పౌడరు పూసి, ఆకారం వచ్చేంత గాలి మాత్రమే కొట్టి టైరులో పెట్టండి. చదునుగా ఉన్న ట్యూబే లివరు కింద ఇరుక్కునేది. ఆఖరి అంచు దిగే ముందు వాల్వును లోపలికి ఒకసారి నొక్కి వదలండి, కింద ఇరుక్కున్న ట్యూబు పైకి తప్పుకుంటుంది.

గాలి ఒకసారి నిండా కొట్టి, పూర్తిగా వదిలి, మళ్లీ కొట్టాలి. లోపల పడ్డ ముడతలు పోయేది ఇలాగే. రిమ్ము పక్కనే టైరు మీద ఒక సన్నటి గీత చుట్టూ తిరిగి ఉంటుంది. అది అన్నిచోట్లా రిమ్ముకు సమానమైన ఎడంలో ఉంటే అంచు సరిగ్గా కూర్చున్నట్టు. ఒకచోట లోపలికి పోతే గాలి తీసి అక్కడ సబ్బు నీళ్లు వేసి మళ్లీ కొట్టండి, టైరు సైడు మీద రాసిన గరిష్ఠాన్ని దాటించొద్దు. ఎంత గాలి ఉండాలన్నది బండి స్టిక్కరు మీద, మాన్యువల్‌లో ఉంటుంది. వెనక మనిషి ఎక్కితే ఎక్కువ కావాలి. వాల్వు నట్టును రిమ్ముకు బిగించకండి, మూత దగ్గర వదులుగా ఉంచితే టైరు జారినప్పుడు వాల్వు వంగి కనపడి హెచ్చరిస్తుంది.

చక్రం బయట ఉండగానే బేరింగులను వేలితో తిప్పి చూడండి, గరగరమంటే మార్చేయడమే. చక్రం నడిమి హబ్బులో పళ్లచక్రం కుదుపును ఆపే రబ్బర్లు వదులైతే ఆ సెట్టూ అంతే. బ్రేకు దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. బిగించేటప్పుడు రెండు వైపులా చెయిను బిగువు సర్దే చోటి గుర్తులు సమానంగా ఉన్నాయో చూసుకుని, స్టే రాడ్డు బోల్టుకు పిన్ను ఉంటే కొత్తది వేయండి. ఆ బోల్టు మరచిపోతే బ్రేకు తొక్కగానే ప్లేటు గిర్రున తిరిగిపోతుంది.

అల్లాయ్ చక్రం, ట్యూబులెస్ టైరు అయితే మాత్రం ఇంట్లో వద్దు. లివరు గీత పడ్డ చోటే గాలి కారుతుంది, కాలి పంపుకు అంచు కూర్చోదు. చక్రం మీరే ఊడదీసి షాపుకు పట్టుకెళ్లండి.

అరుగుదల చూసుకోవడానికి గుర్తు: మన చట్టం ద్విచక్ర వాహనాల టైరు పైని గాళ్లు కనీసం 0.8 మిల్లీమీటర్ల లోతు ఉండాలంటుంది, వానకాలం రోడ్లకు అంతవరకూ ఆగడం నాకు నచ్చదు. కొత్త టైరు పైన జారుడు పొర ఉంటుంది, మొదటి 100, 150 కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మది. 50 కిలోమీటర్లు తిరిగాక యాక్సిల్ నట్టుకు ఒకసారి పానా పెట్టి చూడండి.